రష్యాలో చదువు, జీవనం: వెళ్లే పిల్లలు, పంపే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సిన విషయాలు

హైదరాబాద్ పాతబస్తీ నుంచి కర్నూలు, గుంటూరు, నిజామాబాద్ దాకా చాలా ముస్లిం కుటుంబాల్లో ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన పిల్లల ముందు ఇప్పుడు ఒకే ప్రశ్న ఉంది. నీట్‌లో క్వాలిఫై అయ్యారు, కానీ ప్రభుత్వ కాలేజీలో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. ప్రైవేటు కాలేజీ ఫీజు ఇంటి శక్తికి మించింది. అప్పుడు రష్యా పేరు వినిపిస్తుంది. ఫీజు తక్కువ, అడ్మిషన్ సులువు, ముస్లింలు ఉన్న దేశం అని ఏజెంట్లు చెబుతారు. అందులో నిజం ఉంది, దాచిపెట్టేదీ ఉంది. చదువుకు వెళ్లేవారికీ, పని కోసం వెళ్లాలనుకునేవారికీ అక్కర వచ్చే వివరాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

దేశం ఎలాంటిది

విస్తీర్ణంలో రష్యా ప్రపంచంలోనే అతిపెద్ద దేశం. అక్కడ 11 టైమ్ జోన్లు ఉన్నాయి. మాస్కో నుంచి వ్లాదివొస్తోక్ దాకా రైలు మార్గం 9,288 కిలోమీటర్లు, ప్రయాణానికి దాదాపు వారం పడుతుంది. అందుకే "మా బాబు రష్యాలో ఉన్నాడు" అంటే సరిపోదు, ఏ నగరమో తెలియాలి. చలి, ఖర్చు, మస్జిద్ దూరం, హలాల్ మాంసం దొరకడం అన్నీ నగరాన్ని బట్టే మారతాయి. మాస్కో టైమ్ కంటే మన టైమ్ రెండున్నర గంటలు ముందుంటుంది. మాస్కోకు తూర్పున ఉన్న చాలా నగరాల్లో ఈ తేడా వేరుగా ఉంటుంది.

రష్యాలో ఇస్లాం రెండో పెద్ద మతం. అది బయటి నుంచి ఈమధ్య వచ్చినవాళ్ల మతం కాదు. వోల్గా నది ఒడ్డున ఉన్న బల్గార్ రాజ్యం క్రీ.శ. 922లోనే ఇస్లాంను స్వీకరించింది. ఆ సమయంలో బగ్దాద్ అబ్బాసీ ఖలీఫా పంపిన రాయబార బృందంలో ఉన్న ఇబ్న్ ఫజ్లాన్ రాసిన ప్రయాణ వృత్తాంతం నేటికీ చరిత్రకారులకు ఆధారం. తాతార్లు, బష్కిర్లు, చెచెన్లు, దగెస్తాన్ జాతుల వాళ్లు తరతరాలుగా అక్కడి ముస్లింలే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1787లోనే అరబీ లిపిలో ఖుర్ఆన్ అచ్చయింది.

తాతార్‌స్తాన్ రాజధాని కజాన్ మాస్కోకు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఉంది. మాస్కోలో రాత్రి రైలెక్కితే పొద్దున్నకు చేరుకోవచ్చు. అక్కడి ఫెడరల్ యూనివర్సిటీ 1804లో మొదలైంది. 1552లో ఇవాన్ ది టెరిబుల్ సైన్యం కజాన్‌ను పట్టుకున్నప్పుడు ధ్వంసమైన మస్జిద్ జ్ఞాపకంగా కట్టిన కుల్ షరీఫ్ మస్జిద్ 2005లో తెరుచుకుంది. మర్జానీ మస్జిద్ 18వ శతాబ్దం నాటిది, కేథరిన్ రాణి అనుమతితో కట్టారు. తాతార్ భాషలో కృతజ్ఞత చెప్పాలంటే "రహ్మత్" అంటారు. ఉర్దూ వినే చెవికి ఆ మాట పరాయిదిగా అనిపించదు. రెండు ఈద్‌లకూ తాతార్‌స్తాన్‌లో సెలవు ఉంటుంది. మాస్కోలో ఉండదు.

డాక్టర్ చదువు: మన దేశపు నిబంధనలే ముందు చూడాలి

రష్యాలో డిగ్రీ రావడం ఒక సంగతి, ఆ డిగ్రీతో ఇండియాలో ప్రాక్టీస్ చేయడం వేరే సంగతి. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబర్‌లో తెచ్చిన నిబంధనలు విదేశీ వైద్య విద్యకు కొన్ని షరతులు పెట్టాయి.

- నీట్‌లో క్వాలిఫై అయి ఉండాలి. "రష్యాకు నీట్ అక్కర్లేదు" అన్న ఏజెంట్ దగ్గర ఇక ఒక్క నిమిషం కూడా కూర్చోకూడదు.
- చదువు కనీసం 54 నెలలు ఉండాలి.
- చదివిన సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇండియాకు వచ్చాక మళ్లీ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటుంది.
- కోర్సు మొత్తం ఇంగ్లీషు మీడియంలో సాగాలి.
- ఆ డిగ్రీతో ఆ దేశంలో కూడా వైద్యుడిగా పనిచేసే అర్హత రావాలి.
- చేరిన నాటి నుంచి పదేళ్లలోపు అంతా ముగియాలి.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటున్నారు. కొన్ని చోట్ల మొదటి మూడేళ్లు ఇంగ్లీషులో చెప్పి, తర్వాత రష్యన్‌లోకి మారుస్తారు. అలాంటి చదువు మన దగ్గర చెల్లుబాటు కావడం కష్టం. రష్యాలో మెడిసిన్ కోర్సు ఆరేళ్లు. 12 నెలల ఇంటర్న్‌షిప్‌ను అందులో ఎలా చూపిస్తారో, సర్టిఫికెట్‌లో ఎలా రాస్తారో యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. మధ్యలో కాలేజీ మారితే ఈ షరతులు దెబ్బతింటాయి. "ముందు ఇందులో చేరండి, తర్వాత మంచి దాంట్లోకి మారుద్దాం" అన్న మాట నమ్మడానికి లేదు.

"ఎన్‌ఎంసీ ఆమోదించిన యూనివర్సిటీ" అని బ్రోచర్ మీద అచ్చువేస్తారు. విదేశీ కాలేజీలకు కమిషన్ అలాంటి ముద్ర వేయదు. నిబంధనలకు తూగుతుందో లేదో చూసుకునే బాధ్యత విద్యార్థిదే.

తిరిగి వచ్చాక ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఉంటుంది. 300 మార్కులకు 150 రావాలి. ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. 2024 జూన్ పరీక్షలో పాసైనవారు దాదాపు 21 శాతమే. అంటే పరీక్ష రాసిన ఐదుగురిలో నలుగురు ఫెయిలయ్యారు. ఇల్లు తాకట్టు పెట్టి పంపే కుటుంబం ఈ ఒక్క అంకె ముందు కాసేపు ఆగి ఆలోచించాలి. మొదటి సంవత్సరం నుంచే ఆ పరీక్షను దృష్టిలో పెట్టుకుని మన సిలబస్ పుస్తకాలు కూడా చదివే పిల్లలకు, చివరి ఏడాది కంగారుపడే పిల్లలకు తేడా అక్కడే కనిపిస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీ చదువులకు. ఎంబీబీఎస్‌కు అది వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకూడదు. రష్యా ప్రభుత్వమే ఏటా విదేశీ విద్యార్థులకు కోటా సీట్లు ఇస్తుంది. వాటికి ట్యూషన్ ఫీజు ఉండదు, చిన్న స్టైపెండ్ కూడా ఉంటుంది. ఎంపిక మాత్రం పోటీ మీదే. చెన్నై, ఢిల్లీ, ముంబైల్లోని రష్యన్ హౌస్ కార్యాలయాల్లో వివరాలు అడగవచ్చు. ఇంజనీరింగ్, సైన్స్, భాష చదవాలనుకునేవారికి ఈ దారి బాగా పనికొస్తుంది. రష్యన్ మీడియంలో చదవాలంటే ముందు ఒక ఏడాది భాష నేర్పే ప్రిపరేటరీ కోర్సు చేయాలి.

వీసా, కాగితాలు

చదువు వీసాకు పునాది యూనివర్సిటీ పంపే అధికారిక ఆహ్వాన పత్రం. దాని మీదే వీసా వస్తుంది. మొదట సాధారణంగా మూడు నెలల్లోపు, ఒకే ప్రవేశానికి వీసా ఇస్తారు. అక్కడికి చేరాక యూనివర్సిటీ ద్వారా దాన్ని పొడిగించుకోవాలి. పొడిగింపు దరఖాస్తు గడువుకు చాలా ముందే పడాలి.

2023 ఆగస్టు నుంచి భారతీయులకు ఈ-వీసా కూడా అందుబాటులోకి వచ్చింది. అది టూరు, బంధుమిత్రుల సందర్శన, వ్యాపార సమావేశాల కోసం. చదువుకో, ఉద్యోగానికో అది పనికిరాదు. "ముందు టూరిస్టు వీసాపై వెళ్లండి, అక్కడ మార్పిస్తాం" అనే మాట దగ్గరే చాలా మోసాలు మొదలవుతాయి.

టెన్త్, ఇంటర్ మెమోలకు విదేశాంగ శాఖ అపోస్టిల్ వేయించుకోవాలి. రష్యన్ అనువాదం, నోటరీ కావాలి. మూడు నెలలకు మించిన వీసాకు హెచ్‌ఐవీ పరీక్ష సర్టిఫికెట్ అడుగుతారు. మెడికల్ ఇన్సూరెన్స్ ప్రతి ఏడాది ఉండాల్సిందే. అన్ని కాగితాలవీ రెండు సెట్ల జిరాక్స్‌లు తీసి, ఒకటి ఇంట్లో అమ్మీ దగ్గర ఉంచాలి. ఫోన్‌లో ఫొటోలు వేరుగా పెట్టుకోవాలి.

దిగాక మొదటి వారం

ఎయిర్‌పోర్టులో మైగ్రేషన్ కార్డు అనే చిన్న కాగితం ఇస్తారు. చూడ్డానికి బస్సు టికెట్‌లా ఉంటుంది కానీ పాస్‌పోర్టుతో సమానం. పోతే వీసా పొడిగింపు నుంచి తిరుగు ప్రయాణం దాకా ఇబ్బంది. అందులో వచ్చిన కారణం "చదువు" అనే ఉండాలి. వీసాలో ఒకటి, కార్డులో ఇంకొకటి ఉంటే తర్వాత తిప్పలు తప్పవు.

ఉంటున్న చిరునామా మీద ఏడు పనిదినాల్లో రిజిస్ట్రేషన్ జరగాలి. హాస్టల్‌లో ఉంటే యూనివర్సిటీ ఆ పని చేస్తుంది, అందుకే వచ్చిన వెంటనే కాగితాలు ఇమ్మంటుంది. బయట గది తీసుకుంటే ఇంటి యజమాని చేయించాలి. ఆ పని చేయనన్న యజమాని గది ఎంత చవకైనా తీసుకోకూడదు. 90 రోజులకు మించి ఉండేవారు వైద్య పరీక్షలు చేయించుకుని వేలిముద్రలు ఇవ్వాలి. గడువు దాటి ఉంటున్న విదేశీయుల పేర్లతో 2025 ఫిబ్రవరి నుంచి ప్రత్యేక రిజిస్టర్ నడుస్తోంది. అందులో పేరు ఎక్కితే బ్యాంకు ఖాతా నుంచి అన్నిటికీ ఆంక్షలు మొదలవుతాయి, దేశం నుంచి పంపేయడం కూడా సులువు.

డబ్బు, ఫోన్

2022 మార్చి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో సేవలు ఆపేశాయి. మన బ్యాంకు కార్డు అక్కడి ఏటీఎంలో పనిచేయదు. ఈ సంగతి తెలియక జేబులో కార్డు పెట్టుకుని దిగిన పిల్లలు మొదటి రాత్రే అప్పు అడగాల్సి వస్తుంది. కనీసం మొదటి రెండు నెలల ఖర్చుకు సరిపడా డాలర్లు లేదా యూరోలు నగదుగా తీసుకెళ్లాలి. నోట్లు కొత్తవి, మడతలు, గీతలు లేనివి అయితే మార్పిడిలో పేచీ ఉండదు. 10,000 డాలర్లకు మించితే కస్టమ్స్‌లో డిక్లరేషన్ ఇవ్వాలి. మార్పిడి బ్యాంకులోనే చేయాలి, రోడ్డు మీద కాదు. అక్కడ ఖాతా తెరిచాక స్థానిక "మీర్" కార్డు ఇస్తారు, దుకాణాల్లో, మెట్రోలో అదే నడుస్తుంది.

ఫీజు ఏజెంట్ చేతికి నగదుగా ఇవ్వకుండా యూనివర్సిటీ ఖాతాకే బ్యాంకు ద్వారా పంపడం మంచిది. రసీదు విద్యార్థి పేరు మీద ఉండాలి. ఆంక్షల వల్ల అన్ని రష్యన్ బ్యాంకులకూ డబ్బు వెళ్లదు. ఏ బ్యాంకు ద్వారా కట్టాలో యూనివర్సిటీని ముందే అడగాలి.

సిమ్ కార్డు కూడా ఇదివరకులా షాపుకు వెళ్లి కొనేసేది కాదు. 2025 జనవరి నుంచి విదేశీయులు బయోమెట్రిక్ వివరాలు ఇచ్చి, ప్రభుత్వ పోర్టల్‌లో ఖాతా తెరిచాకే నంబర్ ఇస్తారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను అక్కడ 2022లోనే ఆపేశారు. 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. డ్రోన్ దాడుల భయంతో మొబైల్ ఇంటర్నెట్‌ను కొన్ని గంటలపాటు ఆపేయడం చాలా ప్రాంతాల్లో జరుగుతోంది. కాబట్టి రెండు రోజులు ఫోన్ రాలేదని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకుండా, మాట్లాడుకోవడానికి రెండు మూడు దారులు ముందే అనుకోవాలి. రూమ్‌మేట్ నంబర్, హాస్టల్ వార్డెన్ నంబర్, అదే కాలేజీలో చదివే మరో తెలుగు కుటుంబం నంబర్ రాసి పెట్టుకోవాలి.

చలి, పొద్దు

కజాన్‌లో జనవరి సగటు మైనస్ పది డిగ్రీల దగ్గర ఉంటుంది. కొన్ని రోజులు మైనస్ 30కి కూడా పోతుంది. గదుల్లో మాత్రం హీటింగ్ ఉంటుంది, లోపల పల్చటి చొక్కాతో కూర్చోవచ్చు. కష్టమంతా బయటి నడకదే. కోటు, బూట్లు ఇక్కడ కొనుక్కెళ్లడం కంటే అక్కడే కొనడం మంచిది. మన దగ్గర దొరికే జాకెట్లు ఆ చలికి ఆగవు. లోపలి థర్మల్స్, ఉన్ని సాక్సులు, చెవులు కప్పే టోపీ, గ్లవ్స్ తప్పనిసరి. మంచు గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద జారిపడి చేతులు విరగడం కొత్తవాళ్లకు మామూలే. అడుగు చిన్నగా వేయాలి.

డిసెంబర్‌లో మాస్కోలో పొద్దు తొమ్మిదింటికి పొడిచి నాలుగింటికే కుంకుతుంది. వెలుతురు లేక, ఇల్లు గుర్తొచ్చి మనసు కుంగిపోయే పిల్లలు ఉంటారు. వాళ్లు ఫోన్‌లో "బాగున్నా" అనే అంటారు. నిద్ర ఎలా పడుతోంది, క్లాసుకు వెళ్తున్నారా, ఎవరితో కలిసి తింటున్నారు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

నదుల సంగతి కూడా చెప్పాలి. 2024 జూన్‌లో వెలికీ నోవ్‌గొరోద్ దగ్గర వోల్ఖోవ్ నదిలో నలుగురు భారతీయ వైద్య విద్యార్థులు మునిగి చనిపోయారు. ఎండ కాస్తున్నా అక్కడి నీళ్లు చల్లగా, లోపల ప్రవాహం బలంగా ఉంటుంది. చలికాలం చివర్లో గడ్డకట్టిన నది మీద నడవడం కూడా అంతే ప్రమాదం.

తిండి, నమాజ్, హిజాబ్

హలాల్ అనే మాట రష్యన్‌లోనూ "హల్యాల్" అనే ఉంటుంది. కజాన్, ఉఫా, మహచ్‌కలా నగరాల్లో హలాల్ దుకాణాలు, హోటళ్లు సులువుగా దొరుకుతాయి. మాస్కోలో మస్జిద్‌ల దగ్గర, పెద్ద బజార్లలో దొరుకుతాయి. చిన్న ఊళ్లలో వెతుక్కోవాలి. కొన్ని మాటలు మొదటి రోజే నేర్చుకోవాలి: "స్వినీనా" అంటే పంది మాంసం, "గవ్యాదినా" గొడ్డు మాంసం, "బరానినా" గొర్రె మాంసం, "కూరిత్స" కోడి. సాసేజ్‌లలో, పెల్మెనీ అనే మాంసం కుడుముల్లో పంది మాంసం కలపడం మామూలు. "ఇది బీఫ్" అని చెప్పినా కలిపి ఉండవచ్చు, ప్యాకెట్ మీద చూడాలి. జెలటిన్ ఉన్న మిఠాయిలదీ అదే కథ. తాతార్ల మూడు మూలల ఎచ్‌పొచ్‌మక్ మన సమోసాకు దూరపు చుట్టంలా ఉంటుంది. తేనెతో చేసే చక్-చక్ మిఠాయి, ఉజ్బెక్ హోటళ్లలో దొరికే ప్లోవ్ మన పిల్లలకు త్వరగా అలవాటవుతాయి. హాస్టల్‌లో వంటగది ఉంటుంది. బగారా అన్నం, ఖట్టీ దాల్, ఒక కోడి కూర వండటం వచ్చిన పిల్లాడికి సగం బెంగ తీరినట్టే. వెళ్లే ముందు నెల రోజులు ఇంట్లో వంట నేర్పించాలి, మగపిల్లలకైనా సరే.

చలికాలంలో పగలు చిన్నది కాబట్టి జొహర్, అసర్, మగ్రిబ్ వెంటవెంటనే వస్తాయి. మధ్యాహ్నం క్లాసులో ఉన్నవారికి ఇది కష్టం. వేసవిలో దీనికి తిరగబడుతుంది. జూన్‌లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాత్రి చీకటే పడదు, ఇషా సమయం లెక్కకట్టడమే సమస్య. స్థానిక మస్జిద్ ఇచ్చే టైమ్‌టేబుల్ పాటించడం మేలు. రాబోయే కొన్నేళ్లు రంజాన్ చలికాలంలో వస్తుంది కాబట్టి ఉపవాసం గంటలు తక్కువే. మాస్కో కేథడ్రల్ మస్జిద్ 2015లో కొత్త రూపంలో తెరుచుకుంది. ఈద్ నమాజ్‌కు అక్కడ వీధులు నిండిపోతాయి, పొద్దు పొడవకముందే చేరుకోవాలి.

రష్యన్ మెడికల్ కాలేజీల్లో మిస్సయిన ప్రతి క్లాసుకూ బదులు క్లాసు చేసి మార్కు తెచ్చుకోవాలి. జుమాకు వెళ్లాలంటే టైమ్‌టేబుల్ చూసుకుని ముందే టీచర్‌తో మాట్లాడుకోవడం మంచిది. చెప్పకుండా వెళ్తే బాకీలు పేరుకుపోతాయి. బాకీలు తీరకపోతే కాలేజీ నుంచి తీసేస్తారు, తీసేస్తే వీసా కూడా పోతుంది. యూనివర్సిటీ గదుల్లో గుంపుగా నమాజ్ పెట్టే ముందు అనుమతి ఉందో లేదో తెలుసుకోవాలి. అక్కడ మత ప్రచారం మీద చట్టాలు కఠినం.

హిజాబ్‌తో వీధిలో నడిచే ఆడవాళ్లు కజాన్‌లో కొత్త కాదు. యూనివర్సిటీల నియమాలు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ల్యాబ్‌లో, ఆపరేషన్ థియేటర్‌లో మెడికల్ క్యాప్, తెల్లకోటు తప్పదు. ఆడపిల్లను పంపే కుటుంబం ఈ విషయం, హాస్టల్‌లో ఆడపిల్లలకు వేరే అంతస్తు ఉందా, బాత్రూమ్‌లు వేరుగా ఉన్నాయా అన్నవి అడ్మిషన్ ఫీజు కట్టకముందే, అక్కడ చదువుతున్న అమ్మాయిల నోటి నుంచే తెలుసుకోవాలి.

భాష, పోలీసులు

క్లాసు ఇంగ్లీషులో ఉన్నా రోగి మాట్లాడేది రష్యనే. మూడో ఏడు నుంచి ఆసుపత్రిలో నిలబడాలంటే భాష రావాలి. బయల్దేరే ముందే రష్యన్ అక్షరాలు చదవడం నేర్చుకుంటే మెట్రో బోర్డు, మందుల చీటీ, దుకాణం పేరు అర్థమవుతాయి. అక్షరాలు నేర్వడానికి రెండు వారాలు చాలు.

2024 మార్చి 22న మాస్కో శివారులోని క్రోకస్ సిటీ హాల్‌పై ఉగ్రదాడి తర్వాత విదేశీయుల తనిఖీలు బాగా పెరిగాయి. చర్మం రంగు చూసి ఆపడం కూడా ఉంటుంది. పాస్‌పోర్టు, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. ఆపినప్పుడు వాదించకుండా చూపించి, అవసరమైతే యూనివర్సిటీ విదేశీ విభాగానికి ఫోన్ చేయాలి. యుద్ధం, సైన్యం, ప్రభుత్వం గురించి సోషల్ మీడియాలో పోస్టులు పెట్టడం, సైనిక స్థావరాల దగ్గర, డ్రోన్ పడిన చోట ఫొటోలు తీయడం కేసుల దాకా తీసుకెళ్తాయి. కజాన్ కూడా యుద్ధానికి పూర్తిగా దూరం కాదు. 2024 డిసెంబర్ 21న అక్కడి ఎత్తైన నివాస భవనాలను డ్రోన్లు తాకాయి. ఎయిర్‌పోర్టులు అప్పుడప్పుడు మూతపడతాయి. అందుకే కనెక్షన్ ఫ్లైట్ల మధ్య సమయం ఎక్కువ ఉంచుకోవాలి.

ఉద్యోగం పేరుతో వేసే వల

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన భాగం. 2023, 2024ల్లో చాలామంది భారతీయ యువకులను సహాయకుడి పని, సెక్యూరిటీ పని అని చెప్పి రష్యాకు తీసుకెళ్లి, చేతికి ఆయుధం ఇచ్చి ఉక్రెయిన్ యుద్ధరంగానికి పంపారు. 2024 మార్చిలో హైదరాబాద్‌కు చెందిన ఓ ముస్లిం యువకుడి మరణాన్ని మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టి ఏడు నగరాల్లో సోదాలు చేసింది. వీడియోలతో, స్థానిక దళారులతో ఆశచూపారని, కొందరు విద్యార్థులను ఫీజు రాయితీ, వీసా పొడిగింపు పేరుతో పేరులేని ప్రైవేటు కాలేజీల్లో చేర్పించి మోసం చేశారని చెప్పింది. 2025 జనవరిలో విదేశాంగ శాఖ ఇచ్చిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరిన భారతీయుల కేసులు 126. వారిలో 96 మంది తిరిగి వచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది జాడ తెలియలేదు. ఆ తర్వాత కూడా ప్రభుత్వం 2025 సెప్టెంబర్‌లో మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది.

ఆ యువకుల్లో చాలామంది తాము చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టినవాళ్లే. కాబట్టి ఈ నియమాలు ప్రతి ఇంట్లో తెలియాలి.

- రష్యన్‌లో ఉన్న ఏ ఒప్పందం మీదా అనువాదం చూడకుండా సంతకం పెట్టకూడదు. "కాంట్రాక్ట్ ఫార్మాలిటీ మాత్రమే" అన్నా సరే.
- పాస్‌పోర్టు ఏజెంట్ చేతిలో వదలకూడదు.
- సైన్యం, డిఫెన్స్, క్యాంప్, హెల్పర్ అనే మాటలు వినబడితే అక్కడే ఆగిపోవాలి. జీతం ఎంత ఎక్కువ చెబితే అనుమానం అంత ఎక్కువ ఉండాలి.
- పనికి పంపే ఏజెంట్‌కు విదేశాంగ శాఖ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడాలి. లైసెన్సు ఉన్న ఏజెంట్ అభ్యర్థి దగ్గర తీసుకోవాల్సిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడుగుతున్నాడంటే అర్థం చేసుకోవాలి.
- పనికి వెళ్లేవారికి వర్క్ వీసా, పర్మిట్ ఉండాలి. టూరిస్టు వీసాపై పని చట్టవిరుద్ధం.

చదువుకునేవారు ఖాళీ సమయంలో చిన్న పని చేసుకునే వీలు రష్యా చట్టంలో ఉంది. కానీ ఫీజు, తిండి ఆ సంపాదనతోనే గడుస్తాయని లెక్క వేసుకుని పంపకూడదు. డబ్బు తక్కువైన పిల్లలకే దళారులు త్వరగా దొరుకుతారు. అందుకే ఆరేళ్ల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసుకున్నాకే బయల్దేరాలి. మూడో ఏట డబ్బు ఆగిపోతే పిల్లాడు ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడతాడు, బయటివాడి మాట వింటాడు. "ఏం జరిగినా ముందు మాకు చెప్పు, తిట్టం" అన్న మాట ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లేముందే చెప్పి పంపాలి.

ఆపద వస్తే

రష్యాలో అన్ని ఎమర్జెన్సీలకూ 112. అంబులెన్స్‌కు 103, పోలీసులకు 102. భారత రాయబార కార్యాలయం మాస్కోలో ఉంది. సెయింట్ పీటర్స్‌బర్గ్, వ్లాదివొస్తోక్‌లలో కాన్సులేట్లు ఉన్నాయి. కజాన్, యెకతెరిన్‌బుర్గ్‌లలోనూ కాన్సులేట్లు తెరుస్తామని 2024 జూలైలో భారత్ ప్రకటించింది. చేరిన వారంలోనే రాయబార కార్యాలయం దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఇక్కడ కుటుంబం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు పాస్‌పోర్టు నంబర్, యూనివర్సిటీ పేరు, చివరిగా మాట్లాడిన తేదీ, ఉన్న చిరునామా కావాలి. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టుకోవాలి.